మట్టి ఎద్దుకు వారసులు

వినండి నాయనలారా, ఆ స్వామి లీల! కుమ్మరి పేరమ్మ మట్టి తవ్వుతుంటే ఏ యుగానిదో కాల్చిన మట్టి ఎద్దుబొమ్మ దొరికింది. తల్లిపోయిన మనవరాలు దాన్ని చూశాకే మళ్లీ నవ్వింది.

అంతలో రాజుగారి కోశాధికారి దిగాడు.

"పాతవస్తువు ఎవరిదైతే వాళ్ల వారసులకే చెందాలి. ఇంత చక్కని బొమ్మ ఏ రాజకుమారుడిదో! ఇలా తే, ముసలీ!"

"చిత్తం దొరా. మరి దీని మూపున ఈ పసిపళ్ల గాట్లు చూశారా? కాల్చిన మట్టి పంటికి లొంగదు. పచ్చిమట్టిగా ఉన్నప్పుడు కొరికిందంటే ఆ బిడ్డ కుండలుచేసే సారె పక్కనే పాకుతుండాలి. రాజకుమారులు మా వాకిట్లో పాకుతారా దొరా? అది మా కుమ్మరిబిడ్డే!"

అధికారి ఆ గాట్లను వేలితో తడిమాడు. వంగి, బొమ్మను పాప చేతికిచ్చాడు.

పాప వెంటనే దాని మూపు కొరికింది.