సైదులు అడిగిన మాట

అనగనగా ఒక ఇసుక ఏరు. ఏటికి ఇవతల సైదులు సైకిళ్ల పాక. ఎన్నాళ్ల కిందటంటే చెప్పేవాళ్లకే తెలియదు.

సైదులు మంచివాడే గానీ ప్రతిదానికీ బుర్ర గోక్కునే రకం. పంక్చరు వేసి, "గాలి ఎందుకు నిలిచిందబ్బా?" అనుకునేవాడు.

ఒకనాడు మంత్రసాని వీరనాగమ్మ సైకిలు తోసుకుంటూ వచ్చింది.

"సైదులూ, సన్న చక్రం ఇసుకలో కూరుకుపోతోందిరా. మొన్న నేను ఏరు దాటేసరికి బిడ్డ దక్కలేదు. ఇవాళో రేపో అవతల ఇంకో పిల్లకి నొప్పులొస్తాయి. లావు చక్రం వెయ్యి నాయనా."

లావు చక్రమైతే దొరికింది, పట్టే చోటే లేదు. సైదులు ఫ్రేము వెనక కడ్డీలు రెండింటి మధ్య దుంగ పెట్టి కొట్టాడు. ఇనుము కిర్రుమంటూ విచ్చుకుంది. చక్రం ఎక్కింది.

వీరనాగమ్మ తొక్కి చూసింది. సైకిలు ఎడమకి పోయి తుమ్మకంపలో పడింది.

"తప్పు చక్రానిది" అని చక్రం తిప్పి బిగించాడు. ఎడమకే పోయింది. "తప్పు హ్యాండిలుది" అని హ్యాండిలు సరిచేశాడు. ఎడమకే పోయింది. "తప్పు దారిది" అని ఇంకో దారిన తొక్కించాడు. ఎడమకే పోయింది.

సైదులు చతికిలబడ్డాడు. "కడ్డీలు రెండూ ఒకటే ఇనుము, కొట్టింది ఒకటే దుంగ, సమంగానే విచ్చుకుని ఉంటాయి. నాకేం తోచట్లేదు పెద్దమ్మా. ఆ బిడ్డ కూడా పోతే పాపం నాది." ఏడుపొచ్చేసింది.

వీరనాగమ్మ సంచిలోంచి బొడ్డుకు కట్టే దారం తీసింది. "బిడ్డ పుట్టగానే నేను కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి చూస్తా, ఎచ్చుతగ్గులున్నాయేమోనని. ఈ సైకిలు నీ బిడ్డే కదా, దాన్ని నువ్వు చూశావట్రా?"

దారాన్ని హ్యాండిలు కింద ఫ్రేము మెడకు చుట్టి, రెండు కొసలూ వెనక కడ్డీల చివరలకు లాగి కట్టారు. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య ఎడమవైపు నాలుగు వేళ్లు, కుడివైపు రెండే. వంగిందంతా ఎడమ కడ్డీయే, కుడిది కదల్లేదు.

"ఎందుకిలా చేశావే?" అని సైదులు సైకిల్నే అడిగాడు. అది చెబుతుందా?

సైకిల్ని గుంజకు కట్టి, ఎడమ కడ్డీని లోపలికి నొక్కాడు, కుడిదాన్ని బయటికి లాగాడు, ఒకసారికి ఒక్కటే. దారం వేసి చూశాడు. మళ్లీ లాగాడు. మూడోసారికి రెండువైపులా మూడేసి వేళ్లు. సైకిలు తిన్నగా పోయింది.

మర్నాడే అవతలి పిల్లకి నొప్పులొచ్చాయని కబురొచ్చింది. లావు చక్రం ఇసుక మీద తేలిపోయింది. వీరనాగమ్మ తిరిగొచ్చేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది.

"ఆడా, మగా?" అన్నారందరూ.

"కాళ్లు రెండూ సమానంగా ఉన్నాయా పెద్దమ్మా?" అన్నాడు సైదులు.

ఆమె ఎప్పుడు ఏరు దాటి వచ్చినా అదే అడిగేవాడు. ఒక కడ్డీయే ఎందుకు వంగిందో మాత్రం పోయేదాకా వాడికి అంతుపట్టలేదు.

వాడు పోయిన నెలలోనే అవతల ఒక బిడ్డ పుట్టింది. వీరనాగమ్మ ఒడ్డుకొచ్చి సైకిలు దిగింది. ఆ మాట అడిగేవాడు లేడు. దుఃఖం ఆగలేదు ఆమెకు.

"సమానంగానే ఉన్నాయి సైదులూ" అంది.

ఇప్పటికీ ఆ ఏటికి రెండువైపులా ఎక్కడ బిడ్డ పుట్టినా, ఆడో మగో చెప్పకముందు కాళ్ల కబురు సైదులుకి చెబుతారు.