నడవలేని వాళ్ళకే అంబలి

కరువు కాలంలో రాజుగారు ఊరూరా అంబలి పందిళ్ళు వేయించారు. ఆకలి తీర్చడం పాలకుల దయ కాదు, బాధ్యత. ధర్మాధికారి రంగప్ప మాత్రం, "ఉచితంగా పెడితే జనం సోమరులవుతారు. నడవలేని వాళ్ళకే పోయండి" అని నియమం పెట్టాడు.

అతని పల్లకీని వెట్టికి మోసే ఓబులేసు, ఆకలితో వాడిపోయిన కూతుర్ని ఎత్తుకొచ్చాడు. రంగప్ప పిల్లను కిందికి దింపించాడు. అంబలి వాసనకు పిల్ల కుండవైపు రెండడుగులు వేసింది.

"నడిచిందిగా. తీసుకుపో."

మర్నాడు పిల్ల కళ్ళు తెరవలేదు. ఇంకా ఆలస్యమైతే దక్కదని ఓబులేసుకు అర్థమైంది. ఆ రోజే రాజుగారు పందిరి చూడవచ్చారు. ఓబులేసు తోటి బోయీలతో కలిసి, రంగప్ప కూర్చున్న పల్లకీని తిన్నగా అంబలి కుండ ముందు దించాడు.

"ప్రభూ, నడవలేని మనిషిని తెచ్చాం. ఈయనకు పోయించండి. నడిచేవాళ్ళకు ఇక్కడ పెట్టరు."

రంగప్ప సిగ్గుతో కిందికి దిగాడు. "నేను నడవగలనురా" అని రెండడుగులు వేసి చూపించాడు.

"నడవగలిగిన అయ్యగారికి రోజూ మీ కూడే కదా ప్రభూ. మా పిల్లా నిన్న రెండడుగులే వేసింది, దానికి పోయలేదు."

రాజు నిండుగా ఉన్న కుండను చూశాడు. గరిటె తీసి రంగప్ప చేతికిచ్చాడు.

"వడ్డించు. వచ్చినవాళ్ళందరికీ."

మొదటి ముంత అందుకుని ఓబులేసు ఇంటికి పరుగెత్తాడు. పిల్ల పెదవులు తడిపాడు. చాలాసేపటికి గుటక పడింది.