ఎదురుగాలికి ఒక పలక

హకీం ఇలియాస్‌కి పడవ కావాలి. ఆయన వైద్యం చేసే పల్లెలు కొన్ని పులికాట్ సరస్సు దీవుల్లో, కొన్ని సముద్రపు ఒడ్డున ఉన్నాయి. రెంటికీ నడుమ ఇసుక మేట. నీళ్ళ మీద తెరచాపెత్తి పోవాలి, ఇసుక మీద ఆ పడవనే ఎడ్లబండికెత్తి పోవాలి.

పోయిన వానాకాలం ఆయన పాత పడవ బరువుకి బండి చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎలాగో ఈడ్చుకుని సముద్రపు ఒడ్డు చేరేసరికి, మందు కోసం ఎదురుచూస్తున్న బాలింత కన్నుమూసింది. అప్పట్నుంచి ఇలియాస్‌కి కంటి నిండా నిద్ర లేదు.

ఇప్పుడు వడ్రంగి దగ్గర ఒక పడవ నచ్చింది. అడుగు బల్లపరుపు, ఒళ్ళు తేలిక. ఇద్దరు పట్టుకుంటే బండెక్కేస్తుంది. ఖాయం చేసే ముందు తన గురువు గౌస్ షాకి చూపించాడు.

"హజ్రత్, దీన్ని మించింది దొరకదు. మీరేమంటారు?"

ముసలాయన పడవ అంచు తడిమి చూశాడు.

"ఎక్కుదాం పద."

వెనక నుంచి గాలి తోస్తుంటే పడవ నీళ్ళని తాకీ తాకనట్టు సాగింది. ఇలియాస్ ముఖం వెలిగిపోయింది. ఒడ్డు సన్నటి గీతలా మారాక గురువు అన్నాడు.

"ఇక వెనక్కి తిప్పు, బేటా."

ఇలియాస్ చుక్కాని తిప్పి, తెరచాప తాడు బిగించాడు. ముక్కు ఏటవాలుగా ఒడ్డు వైపు తిరిగింది. పడవ మాత్రం పక్కకి జారుకుంటూ పోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ జారింది. అల్లంత దూరాన, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు తెల్లగా విరుగుతున్నాయి. పడవ అటే పోతోంది.

"హజ్రత్, ఇది నా మాట వినట్లేదు!"

గౌస్ షా లేచి, తాను కూర్చున్న పలకని ఊడదీశాడు. తెరచాప వాలిన వైపు పడవ అంచుకి దాన్ని ఆనించి, నిలువుగా నీళ్ళలోకి దించి, పైకొస రెండు చేతులా పట్టుకున్నాడు.

పడవ ఒళ్ళంతా వణికింది. జారడం ఆగింది.

తర్వాత, మెల్లగా, ముఖాన కొడుతున్న గాలిలోకే ఓరగా నడక మొదలుపెట్టింది. ముక్కు కింద నీళ్ళు గలగలమన్నాయి. ఇంతసేపూ మొగ వైపు నెట్టిన గాలే ఇప్పుడు ఇంటికి తీసుకుపోతోంది.

పాత పడవ ఎదురుగాలికి నడిస్తే అదంతా దాని బరువు చలవే అనుకునేవాడు ఇలియాస్. ఇక్కడ బరువేదీ? మూరెడు వెడల్పు పలక. పైకి తీస్తే బండిలో ఓ మూల పడుండే చెక్క.

గురువు చుక్కాని అందుకుని, "నువ్వు పట్టుకో" అన్నాడు.

ఇలియాస్ పలక పట్టుకున్నాడు. పైన గాలి, కింద సరస్సు, ఆ రెండూ కలిసి తన అరచేతుల్లో సన్నగా అదురుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఎందరి నాడినో పట్టి చూసిన చేతులవి.

"బరువుగా ఉందా?"

"లేదు, హజ్రత్." ఇలియాస్ అన్నాడు. "ప్రాణంతో ఉంది."

గౌస్ షా కళ్ళు ఒడ్డు మీదే ఉన్నాయి.

"అయితే ఇక ఏ పడవ మంచిదని నన్నడక్కు. నీ చేతుల్నడుగు."