గూడబాతుల మడుగులో మోటార్లు

అనగనగా ఉప్పుగాలి తగిలే ఒక ఊళ్ళో చెంగమ్మ అని ఒకామె ఉండేది. ఊరి పక్కనే పెద్ద మడుగు. ఆమె ఆ మడుగులో తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, చాపలు అల్లేది.

మడుగు మధ్యలో, నడుముల్లోతు నీళ్ళల్లో, కడప చెట్లని నీళ్ళల్లోనే నిలిచి బతికే చెట్లు ఉండేవి. కార్తీకంలో వానలు పడి మడుగు నిండితే చాలు, ఎక్కడెక్కడినుంచో గూడబాతులు వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టేవి. గూడబాతంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పిట్ట, అమ్మణ్ణీ. దాని పిల్ల ఆ సంచిలోకి తల దూర్చి చేప తింటుంది. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకునేవాళ్ళు ఊరివాళ్ళు వాటిని. చెట్టు కింద నీళ్ళుంటేనే వాటికి ధైర్యం. నీళ్ళు దాటి కుక్కా రాదు, నక్కా రాదు. పిట్టల రెట్ట కలిసిన ఆ నీళ్ళే పొలాలకు పారి, వేరే ఎరువు లేకుండా వరి పండేది. ఆ అన్నం తినని ఇల్లు ఊళ్ళో లేదు.

అట్లా ఉండగా కాలం తప్పింది. ఒక ఏడు వాన ఆలస్యమైంది. ఆ తర్వాతి ఏడు శివరాత్రి రాకముందే ఎండలు ముదిరాయి. మూడో ఏడు రెండూ కలిసొచ్చాయి. పిట్టలు ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా గుడ్లు పెట్టాయి. పిల్లలకింకా రెక్కలు రానేలేదు, మడుగు మోకాటి లోతుకు దిగిపోయింది. తల్లులు ఎండకు వీపు పెట్టి, రెక్కలు చాపి, పొద్దస్తమానం పిల్లలకు నీడ పట్టేవి. నోళ్ళు తెరుచుకుని రొప్పేవి గానీ అక్కణ్ణించి కదిలేవి కావు.

సరే, ఎండ ఎవరి పాపమో అనుకుందాం. మరి మోటార్లు ఎవరి పాపం? మడుగు గట్టుకు అవతల కోదండం అనే ఆసామికి రొయ్యల గుంటలున్నాయి. ఎండకు గుంటల్లో నీళ్ళు తగ్గేసరికి అతను మడుగులోకి మూడు పైపులు దించి మోటార్లతో తోడెయ్యడం మొదలుపెట్టాడు. పది రోజుల్లో మోకాటి లోతు కాస్తా పాదం లోతైంది.

అప్పుడు చెంగమ్మ ఊరి ప్రెసిడెంటు దగ్గరికి పోయింది. ఆయన పొలం కూడా ఆ మడుగు నీళ్ళతోనే పండేది. అయినా ఆయన ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, కోదండం మనవాడేననీ, పిట్టలదేముంది, ఇంకోచోటికి పోతాయనీ చెప్పాడు. రెక్కలు రాని పిల్లలు ఎట్లా పోతాయని ఆమె అడిగితే మాట మార్చాడు.

ఆ తర్వాత టౌనులో ఆఫీసుకు పోయింది. ఆఫీసరు రికార్డు తెరిచి, మడుగులో ఐదడుగుల నీళ్ళున్నాయని వేలు పెట్టి చూపించాడు. కాలవ నీళ్ళైనా వదలమంటే కాలవలో చుక్క లేదన్నాడు. వచ్చి చూడమంటే, సర్కారు ఏటా జరిపే పక్షుల పండగ పనుల్లో తీరిక లేదు, అయ్యాక వస్తామన్నాడు.

ఆ తర్వాత కోదండం దగ్గరికే పోయింది. అతను తిట్టలేదు, కసరలేదు. "పెద్దమ్మా, నా రొయ్యలవి మాత్రం ప్రాణాలు కావా?" అన్నాడు. అమ్ముకునేవాడి నోటినుంచి ప్రాణం మాట వినాల్సొచ్చిందే అని చెంగమ్మ దారి పొడుగునా ఉడికిపోయింది.

మర్నాడు పొద్దున తుంగ కోయబోతే, చెట్ల కింద బురదలో కుక్కలు తిరుగుతున్నాయి. ఎండకు తాళలేక గూళ్ళలోంచి పడ్డ పిల్లల్ని పీక్కు తింటున్నాయి. చెంగమ్మ కొడవలి పారేసి, కుక్కల్ని తరిమి, చచ్చిపడున్న పిల్లల్ని ఒక్కొక్కటే బుట్టలోకి ఎత్తింది. మొత్తం పదకొండు. ఒకటి ఇంకా వెచ్చగా ఉంటే, ఊపిరుందేమోనని చెవి ఆనించి చూసింది. లేదు.

ఆరోజే పక్షుల పండగ. బడి ముందు షామియానా, వేదిక మీద కూలర్లు, ఆ పక్కన గాలి నింపిన గూడబాతు బొమ్మ, ఏనుగంతది. పైనుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, పక్షులు మన అతిథులని మైకులో చెబుతున్నాడు. ప్రెసిడెంటూ కోదండమూ ముందు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. చెంగమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, బురదకాళ్ళతో నేరుగా వేదిక ఎక్కింది. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద పదకొండు పిల్లల్నీ వరసగా పడుకోబెట్టింది.

"ఇవిగోనయ్యా మీ అతిథులు," అంది. "బొమ్మకేమో గాలి కొట్టారు. వీటికి చెంబెడు నీళ్ళు ఉండనివ్వలేదు."

ఎవరో వచ్చి ఆమెను దించబోయారు. అప్పుడు వెనక వరసల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చెంగమ్మ ఇంకేం మాట్లాడకుండా దిగి మడుగు దారి పట్టింది. వాళ్ళూ ఆమె వెనకే నడిచారు. మొదటి పైపు మీద చెంగమ్మ కూర్చుంది. మిగతా రెండింటి మీదా వాళ్ళు కూర్చున్నారు. పైపులు పైకి లాగేదాకా లేచేది లేదన్నారు.

వంతులేసుకుని కూర్చున్నారు. రెండోరోజు ఆ తెల్లగుడ్డ ఫోటో పేపర్లో పడింది. మూడోరోజు జీపులొచ్చాయి, మోటార్లు పోయాయి, కాలవ నుంచి మడుగుకు నీళ్ళొచ్చాయి. అడిగినప్పుడు చుక్క లేని కాలవలోకి, పేపర్లో పడగానే ఎక్కడివమ్మా అన్ని నీళ్ళు?

అప్పటికే సగం గూళ్ళు ఖాళీ. మిగిలిన పిల్లలు ఉగాది దాటాక ఒక పొద్దున గుంపుగా ఎగిరిపోయాయి. చెంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూసింది. ఎగిరినందుకు సంబరపడింది. గుంపు ఎంత చిన్నదో చూసి కడుపు రగిలిపోయింది.

మరుసటేడు పండగకు శాలువా కప్పుతాం రమ్మని ఆమెకు కబురొచ్చింది. శాలువా వద్దు, మీరే కర్ర పట్టుకుని మడుగులోకి దిగి లోతు కొలవండి అని తిరుగు కబురు పంపింది. మళ్ళీ పేపర్లో పడతామన్న భయానికి పెద్ద ఆఫీసరు ప్యాంటు పైకి మడుచుకుని దిగాల్సొచ్చింది.

ఎండ తగ్గిందా అని అడుగుతావు. లేదమ్మణ్ణీ, నీకు అబద్ధం చెప్పను. ఏటేటా పెరుగుతూనే ఉంది. అందుకే ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పటికీ వంతులేసుకుని గట్టు కాస్తున్నారు. కాయాల్సింది వాళ్ళు కాదు. అయినా కాస్తున్నారు.

కథ నడిచిపోయె కంచికి,
మనం వచ్చేశాం ఇంటికి,
మడుగు నీళ్ళు పిట్టలకి,
కునుకేమో నీ కంటికి.