రాజుగారి ముక్కు మీద ముద్ర

చింతలమెట్ట సంస్థానం ఏలే రాజుగారికి దేశదేశాల తపాలా బిళ్ళలు సేకరించే పిచ్చి. అది ముదిరి, చివరికి తన మొహంతోనే ఒక బిళ్ళ అచ్చు వేయించుకున్నారు.

టపా కచేరీలో ముద్రలు కొట్టే గవరయ్య మామూలుగానే ఆ బిళ్ళ మీద ముద్ర గుద్దాడు. అది సరిగ్గా రాజుగారి ముక్కు మీద పడింది. ఆ ఉత్తరం దివాణానికే చేరింది.

“నా మొహం మీదే గుద్దుతావురా? నీ చేతులు నరికిస్తాను!” అని రాజుగారు గవరయ్యను పిలిపించి మండిపడ్డారు.

“చిత్తం. నరికే ముందు తమరు దాచుకున్న బిళ్ళలు ఒక్కసారి చూడనివ్వండి ప్రభూ” అన్నాడు గవరయ్య.

బిళ్ళలు చూపించడమంటే రాజుగారికి భోజనం కంటే ఇష్టం. వెంటనే పుస్తకం తెప్పించారు. ఏ పేజీ తిప్పినా రాజుల మొహాల నిండా నల్లటి ముద్రలే.

“అయ్యో, వీళ్ళందరినీ ఎవరు గుద్దారు ప్రభూ?”

“గుద్దడం కాదురా మొద్దూ! ఉత్తరం ఊళ్ళు దాటి వచ్చిందనడానికి ఆ ముద్రే సాక్ష్యం. అది లేదంటే ఆ రాజుగారి బిళ్ళ గడప దాటలేదన్నమాట!”

“మరి రేపు పరాయి రాజుల పుస్తకాల్లో తమరి మొహం ఒక్కటే శుభ్రంగా ఉంటే?”

రాజుగారు మీసం సవరించుకున్నారు.

“ఇకనుంచి రెండేసి సార్లు గుద్దు” అన్నారు.

ఆ ఏడు సంస్థానంలో ఉత్తరాలు పదింతలయ్యాయి. జనానికి తన మొహమంటే ఎంత ప్రేమో అని రాజుగారు మురిసిపోయారు. రాయడానికేమీ లేనివాళ్ళు కూడా కచేరీకి వచ్చి, బిళ్ళ అంటించి, గవరయ్య రెండు గుద్దులూ గుద్దేదాకా నిలబడి చూసి, తృప్తిగా ఇంటికి పోయేవారు.