పెళ్లి పాలికల్లో అలసందలు

వినండి తల్లులారా! గింజలో ప్రాణం పోసేది పరమాత్ముడు. దాన్ని చంపి అమ్మేవాడు రాజుగారి అంగడి అధికారి గజపతయ్య. విత్తనాలు తన దగ్గరే కొనాలని ఊరంతా చాటింపు వేయించాడు.

ఆ ఊరి చెంగమ్మ అతని అంగట్లో కొన్న అలసందలు పెరట్లో రెండుసార్లు నాటినా మొలవలేదు. పిల్లలకు కూరే లేదు. గజపతయ్యను అడిగితే, "విత్తనం బంగారం! నీ చెయ్యే మంచిది కాదు, పోవే!" అన్నాడు. ఆమె మిగిలిన గింజలు మూటగట్టి దాచింది.

అంతలో గజపతయ్య కూతురి పెళ్లి వచ్చింది. పందిట్లో మట్టి పాలికల్లో పోసిన గింజలు మొలిస్తేనే శుభం కదా! పెళ్లికి వచ్చిన రాజుగారి ఎదుటే చెంగమ్మ మూట విప్పింది. "మీ అంగడి అలసందలే అయ్యా! మీ మంచి చేత్తో చల్లండి."

"ఛీ, తియ్యి! అవి మొలవవు! నా బిడ్డకు అశుభం!"

"మరి నా బిడ్డలకో?"

సన్నాయి ఆగింది. రాజుగారు కళ్లెర్రజేసి చాటింపు అక్కడే రద్దు చేశారు. పాలికలకు పొరుగూరి సంత నుంచి గింజలు తెప్పించి, చెంగమ్మ చేతే చల్లించారు. దైవకృప, మూడోనాటికి పచ్చగా మొలిచాయి!