ఒక విస్తరి తక్కువ

ఎక్కడని అడక్కండి, ఒకానొక రాజ్యంలో ఉదగ్రసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు లెక్కల పిచ్చి. పిచ్చి ఒక్కటే అయితే ఫరవాలేదు, తనకు తప్ప లోకంలో ఎవరికీ లెక్కలు రావన్న గర్వం కూడా ఉండేది.

ఆయన కొలువులో తిప్పన అని ఒకడు. విందుల్లో జనాన్ని బంతులుగా కూర్చోబెట్టడం అతని పని. వేలమందికి దగ్గరుండి భోజనం పెట్టించేవాడే గానీ, భార్య పోయాక ఇంట్లో ఒంటరిగా తినబుద్ధి కాక సగం విస్తరి వదిలేసేవాడు.

ఒకనాడు రాజు మీసం దువ్వి అన్నాడు: "తిప్పనా, నగర జనాన్ని లెక్క వేయించాను. నీతో, వంటవాళ్ళతో సహా ఐదువేల ముప్పైతొమ్మిది. అది ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దాన్ని భాగించేది లేదు. అచ్చం నాలాగే, ఎవరికీ లొంగదు! నా పుట్టినరోజున వడ్డన ముందే ముగించి అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టు. బంతులన్నీ సమానంగా ఉండాలి. నగరంలో ఒక్కణ్ణి వదలకూడదు, పొరుగూరివాణ్ణి తేకూడదు. బంతి చెడగొట్టినవాడికి దేశబహిష్కారం!"

కొలువంతా గొల్లున నవ్వింది. తిప్పన భార్యతో కాపురం చేసిన ఊరు అది. దాన్ని వదిలి ఎక్కడికని పోతాడు?

ఇంటికొచ్చి మనిషికొకటి చొప్పున చింతపిక్కలు ముందేసుకున్నాడు. రెండేసి పేర్చాడు, చివర ఒకటి తక్కువ. మూడేసి పేర్చాడు, ఒకటి తక్కువ. పదేసి దాకా అన్నీ పేర్చి చూశాడు. ఎలా పేర్చినా చివరి వరుసలో సరిగ్గా ఒక్క పిక్కే తక్కువ.

'ఎవరో రావలసినవాళ్ళు రాలేదు' అనుకున్నాడు. ఒంటరిగా తినే బాధ తెలిసినవాడు కనుక, ఆ ఒక్కరెవరో అతనికి ఇట్టే తట్టింది.

పుట్టినరోజు వచ్చింది. మైదానంలో పదేసి విస్తళ్ళ చొప్పున ఐదువందల నాలుగు బంతులు. ఎత్తైన గద్దె మీద, తెర చాటున, వెండి పళ్ళెం ముందు ఎప్పటిలాగే రాజొక్కడే. చివరి బంతిలో తిప్పన పక్కన వడ్డించిన విస్తరి ఒకటి ఉంది, దాని ముందు ఎవరూ లేరు.

రాజు తెర తొలగించి చూశాడు. "బంతి చెడింది! దేశబహిష్కారం!" అని పొంగిపోయాడు.

"చిత్తం ప్రభూ. కానీ ఎవరికి?" అన్నాడు తిప్పన. "నగరమంతా వచ్చి కూర్చుంది. బంతికి రానివారు తమరొక్కరే. తమరూ కూర్చుంటే ఐదువేల నలభై. రెండు మొదలు పది దాకా దేనితో భాగించినా శేషం ఉండదు."

"రాజును జనంలో కలిపి లెక్కపెడతావా?"

"ఒక్కణ్ణి వదలొద్దని తమరేగా సెలవిచ్చారు!"

రాజు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, గద్దె దిగి వచ్చి, తన బంగారు కడియం తిప్పన చేతికి తొడిగి, ఆ విస్తరి ముందు కూర్చున్నాడు.

సగం తిన్నాక మెల్లగా అడిగాడు. "భోజనం అయినవాళ్ళు లేవరేం?"

"బంతిలో ఆఖరివారు ముగించేదాకా ఎవరూ లేవకూడదు ప్రభూ."

"నా కోసం కూడా ఆగుతారా?"

"ఆగుతారు."

రాజు చివరి ముద్ద విస్తరిలో అలాగే ఉంచి, చుట్టూ ఉన్నవాళ్ళ కబుర్లు వింటూ కూర్చున్నాడు. చేతులు ఎండిపోతున్నా ఎవరూ లేవలేదు. తిప్పనకు సంగతి అర్థమైంది. తన విస్తరిలోనూ ఒక ముద్ద మిగుల్చుకుని, రాజుకు తోడుగా కూర్చున్నాడు.